మరి మాథ్యూ సంగతేంటి పిన్నీ?

పదో తరగతి పరీక్షలు అయిపోయాక మా అక్క కూతురు పది రోజులు ఉందామని నా దగ్గరికి వచ్చింది. ఒక శనివారం రాత్రి దానికి 'లా బూమ్' చూపించాను, ఇంగ్లీషు సబ్‌టైటిల్స్‌తో. 1980లో వచ్చిన ఫ్రెంచి సినిమా. మొదట్లో "ఇంత పాతదా" అని మొహం చిట్లించింది కానీ పావుగంటకే ఫోను పక్కన పెట్టేసింది. సినిమా చివర్లో హీరోయిన్ విక్ తన పద్నాలుగో పుట్టినరోజు పార్టీలో మాథ్యూతో డాన్సు చేస్తూ ఉంటుంది. ఆ అబ్బాయి కోసమే రెండు గంటలుగా ఏడ్చింది, అబద్ధాలాడింది, ఇంట్లోవాళ్లని కంగారు పెట్టింది. అతని భుజం మీదుగా చూస్తే కొత్త అబ్బాయి ఒకడు కనిపిస్తాడు. మెల్లగా అతని దగ్గరికి వెళ్లిపోతుంది, సినిమా అక్కడితో అయిపోతుంది. "అదేం లేదులే, సెకండ్ పార్ట్‌లో మళ్లీ మాథ్యూనే అవుతాడు చూడు" అని నాకు హామీ ఇచ్చి పడుకుంది.

మర్నాడు మధ్యాహ్నం అన్నాలు తిని 'లా బూమ్ 2' పెట్టుకున్నాం. విక్‌కి ఇప్పుడు పదిహేనున్నర. సెలవులకి ఆస్ట్రియా వెళ్లి రైల్లో పారిస్‌కి తిరిగొస్తుంటుంది. ఆ ప్రయాణంలో ఆమె పాస్‌పోర్టూ, ఫిలిప్ అనే అబ్బాయి పాస్‌పోర్టూ పొరపాటున తారుమారవుతాయి. ఇంకేముంది, కథ మొదలైపోయినట్టే. మా పిల్ల స్పేస్ బార్ నొక్కి సినిమా ఆపేసి నా వైపు తిరిగింది. "మరి మాథ్యూ సంగతేంటి పిన్నీ?"

"మాథ్యూ అయిపోయాడమ్మా" అన్నాను.

"అయిపోవడమేంటి?"

ఆ అడగడంలో కోపం ఉంది. అన్యాయం జరిగిందన్న కోపం. అప్పటికప్పుడు నాకు సరైన జవాబు దొరకలేదు. తర్వాత నాలుగైదు రోజులు వంట చేస్తున్నా బస్సులో వెళ్తున్నా అదే ఆలోచన. జవాబు చెప్పాలంటే ఈ సినిమా గురించి నేను ఇన్నేళ్లుగా అనుకుంటున్నదంతా చెప్పాలి, అందుకే ఇది రాస్తున్నాను. 'లా బూమ్' గురించి అందరూ మాట్లాడతారు. రెండోదాన్ని మాత్రం మొదటి హిట్టుని సొమ్ము చేసుకోవడానికి తీసిన తోక అని తీసిపారేస్తారు. నేను ఒప్పుకోను. ఎదిగే వయసు కథకి రెండో భాగమే అసలు పరీక్ష అనీ, ఆ పరీక్షలో ఈ సినిమా నెగ్గిందనీ నా నమ్మకం.

చూడనివాళ్ల కోసం కాస్త వెనక్కి వెళ్తాను. బూమ్ అంటే ఫ్రాన్సులో ఆ రోజుల్లో స్కూలు పిల్లలు ఇళ్లలో చేసుకునే పార్టీ. 'సర్‌ప్రైజ్ పార్టీ' నుంచి 'సుర్‌బూమ్' పుట్టింది, అది అరిగి బూమ్ అయింది. సోఫాలు గోడకి జరిపేసి, లైట్లు తగ్గించి, రికార్డులు పెట్టుకుని డాన్సు. వాటిలో 'అమెరికన్ పావుగంట' అని ఒక ఆనవాయితీ కూడా ఉండేది. ఆ పావుగంటలో అబ్బాయిలు అడగకూడదు, అమ్మాయిలే తమకి నచ్చినవాణ్ని డాన్సుకి పిలవాలి. దర్శకుడి పేరు క్లోద్ పినోతో, ఆయనతో కలిసి కథ రాసింది డానియెల్ టాంప్సన్. విక్‌గా వేసిన సోఫీ మార్సో మొదటి సినిమా విడుదలయ్యే నాటికి పద్నాలుగు నిండి సరిగ్గా నెల రోజులు. తండ్రి దంతవైద్యుడు, ఆ పాత్ర క్లోద్ బ్రాసర్ వేశాడు. బొమ్మలు గీసే తల్లి పాత్రలో బ్రిజిత్ ఫొస్సె. వీళ్లందరికంటే ముఖ్యం పూపెట్, హార్ప్ వాయించే తాతమ్మ. అవును, అమ్మమ్మ కాదు, తాతమ్మే. మొదటిది 1980 డిసెంబర్లో, రెండోది 1982 డిసెంబర్లో వచ్చాయి. ఫ్రాన్సులో రెండింటికీ విడివిడిగా 40 లక్షలకు పైగా టికెట్లు తెగాయి.

మొదటి సినిమాలో అందరికీ గుర్తుండిపోయే సీను ఒకటుంది. పార్టీలో గోలగోలగా పాట మోగుతుంటుంది, పిల్లలంతా ఎగురుతుంటారు. విక్ వెనక నుంచి మాథ్యూ వచ్చి ఆమె చెవులకి హెడ్‌ఫోన్స్ పెడతాడు. అంతే, గది మాయం. ఆ గోల మనక్కూడా వినపడదు. వ్లదిమిర్ కోస్మా కట్టిన బాణీ, రిచర్డ్ శాండర్సన్ గొంతులో 'రియాలిటీ' అన్న పాట, మెల్లగా. చుట్టూ అందరూ ఒక తాళానికి ఎగురుతుంటే వీళ్లిద్దరు మాత్రం ఇంకో తాళానికి ఊగుతుంటారు. చేత్తో పట్టుకు తిరిగే క్యాసెట్ ప్లేయరు వాక్‌మన్ మార్కెట్లోకి వచ్చి అప్పటికి ఏడాదిన్నర కూడా కాలేదు, చాలామంది ప్రేక్షకులు అలాంటి వస్తువుని తెర మీదే మొదటిసారి చూసి ఉంటారు. పదమూడేళ్ల వయసులో ప్రేమంటే ఎలా ఉంటుందో ఇంతకంటే సులువుగా చెప్పడం నేనెక్కడా చూడలేదు. ఊరంతా వినేది ఒకటి, నువ్వు వినేది ఇంకొకటి. నేను ఫ్రెంచి నేర్చుకునే రోజుల్లో మా టీచరు క్లాసులో ఈ ఒక్క సీను వేసి చూపించింది. ఇంటికెళ్లేదాకా ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాలేదు.

ఇంత గట్టి సీను తీసిన సినిమా, చివరికి ఆ అమ్మాయిని ఇంకో అబ్బాయి వైపు నడిపించడమే నాకు ఆశ్చర్యం. హెడ్‌ఫోన్స్ పెట్టినవాడితోనే జీవితమంతా అని ముగిస్తే జనం ఇంకా సంతోషించేవాళ్లేమో. ఆ ముగింపులోనే రెండో సినిమాకి విత్తనం పడిందని నాకు అనిపిస్తుంది.

మనకి సెకండ్ పార్ట్ అంటే బాకీ ఉన్న ప్రశ్నకి జవాబు. కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడు అన్న ఒక్క ప్రశ్న మీద రెండు రాష్ట్రాలూ దాదాపు రెండేళ్లు ఎదురుచూశాయి. అది తప్పు కాదు, నేనూ ఎదురుచూశాను, మొదటి రోజే వెళ్లాను. 'లా బూమ్'కీ దాని రెండో భాగానికీ మధ్య కూడా రెండేళ్లే. అక్కడ మాత్రం ఏ ప్రశ్నా బాకీ లేదు. తల్లిదండ్రుల గొడవ సర్దుకుంది, పిల్ల పుట్టినరోజు బాగా జరిగింది, పాట అయిపోయింది. అలాంటప్పుడు రెండో భాగంలో ఏముంటుంది? గడిచిన కాలం ఉంటుంది. ఆ రెండేళ్లలో ఆ పిల్ల నిజంగానే పెరిగింది, దాన్ని ఏ మేకప్పూ చెయ్యలేదు. రెండు సినిమాల్నీ పక్కపక్కన పెట్టి విక్ మొహం చూడండి. మొదటి దాంట్లో ఏం తోస్తే అది మొహం మీదికి వచ్చేస్తుంది, ఏడుపైనా నవ్వైనా ఆపుకోవడం తెలీదు. రెండో దాంట్లో ఒక్క క్షణం ఆగుతుంది. ఎదుటివాడు చెప్పింది విని, కళ్లు కిందికి దించి, అప్పుడు జవాబిస్తుంది. ఆ ఆగడం దర్శకుడు నేర్పాడో వయసు నేర్పిందో గానీ సినిమా మొత్తానికి ప్రాణం అదే. ఫ్రాన్సువాళ్ల సెజార్ అవార్డుల్లో ఆశాజనకమైన కొత్త నటి బహుమతి సోఫీ మార్సోకి 1983లో వచ్చింది, ఈ రెండో సినిమాకే.

పిల్లల్ని ఇలా తెర మీద పెంచే అలవాటు ఫ్రెంచివాళ్లకి ముందునుంచీ ఉంది. దర్శకుడు త్రుఫో 1959లో జాన్ పియెర్ లెయో అనే పద్నాలుగేళ్ల కుర్రాడితో మొదలుపెట్టి, అదే పాత్రని అదే నటుడితో 1979 దాకా ఇరవై ఏళ్లు తీశాడు. బడి ఎగ్గొట్టే పిల్లాడు, ప్రేమించే కుర్రాడు, మొగుడు, విడాకులు తీసుకున్నవాడు, అన్నీ ఒక్క మనిషి మొహం మీదే. తర్వాత సెడ్రిక్ క్లాపిష్ కూడా జావియె అనే కుర్రాణ్ని 2002లో బార్సెలోనాలో చదువుకి దింపి, 2005, 2013ల్లో మళ్లీ పలకరించాడు.

కానీ నన్ను ఎక్కువగా కదిలించేది బ్రిజిత్ ఫొస్సె. విక్ తల్లిగా వేసిన ఈమె 1952లో రెనె క్లెమాన్ తీసిన యుద్ధకాలపు సినిమాలో ఐదేళ్ల పాప. దాడిలో అమ్మానాన్నలు కళ్లముందే చనిపోతే ఊరుకాని ఊళ్లో ఒంటరిగా మిగిలిపోయే పాప. ఆ సినిమా చూసినవాళ్లెవరూ ఆ మొహాన్ని మర్చిపోలేరు. అదే మొహం ముప్పై ఏళ్ల తర్వాత, ఎదుగుతున్న కూతుర్ని తలుపు దగ్గర నిలబడి చూస్తుంటే ఎలా ఉంటుందో ఆలోచించండి. కెమెరా ముందు చిన్నతనం గడిపిన మనిషి, కెమెరా ముందు చిన్నతనం గడుపుతున్న ఇంకో పిల్లకి తల్లిగా నిలబడింది. అప్పటి ఫ్రెంచి ప్రేక్షకుల్లో పెద్దవాళ్లకి ఇది ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు, హాల్లో కూర్చోగానే తెలిసిపోయి ఉంటుంది. సబ్‌టైటిల్స్‌తో చూసే మనకే ఇది పట్టుబడదు. అందుకే మా పిల్లకి ఆ పాప ఫొటో ఒకటి వెతికి చూపించాను. చాలాసేపు చూసి "కళ్లు మారలేదు" అంది.

ఈ సినిమా మీద ఉన్న అభ్యంతరాలు నాకు తెలుసు. అందులో కొన్ని నిజమే. అమ్మానాన్నల కథ మొదటి సినిమాలో ఉన్నంత బలంగా లేదు. అక్కడ తండ్రి చేసిన తప్పు, తల్లి కోపం, ఆమె ఇంకొకరికి దగ్గరవ్వడం, ఇదంతా పిల్ల కథతో సమానంగా నడిచి, ఎదగడం పెద్దవాళ్లకి కూడా పూర్తికాలేదని చూపిస్తుంది. ఇక్కడ వాళ్లు చాలావరకు పక్కకి తప్పుకున్నారు. పాట విషయంలోనూ అంతే. 'రియాలిటీ' యూరప్ అంతా మోగిపోయింది కాబట్టి మళ్లీ అలాంటి మెల్లటి ఇంగ్లీషు పాటే కావాలనుకుని కుక్ డా బుక్స్ అనే లివర్‌పూల్ బృందంతో 'యువర్ ఐస్' పాడించారు. పాట బాగుంది. కానీ హెడ్‌ఫోన్స్ సీనులో జరిగింది మళ్లీ జరగలేదు.

ఇంకో మాట, ఇవన్నీ కలిగినవాళ్ల కష్టాలు అని. పారిస్ నడిబొడ్డున పెద్ద ఫ్లాటు, పేరున్న లిసేలో, అంటే హైస్కూల్లో చదువు, ఆస్ట్రియాలో సెలవులు. ఈ మాటని నేను కొట్టిపారెయ్యను. ఆ అమ్మాయి పాత్ర వేసిన సోఫీ మార్సో పారిస్ శివారులోని జాంతియీలో పెరిగింది, తండ్రి లారీ డ్రైవరు. మార్సో అన్నది కూడా సినిమా కోసం పారిస్‌లోని ఒక వీధి పేరు చూసి పెట్టుకున్నదే, ఇంటిపేరు మోపు. ఆ ఫ్లాటులో ఆమె తిరుగుతుంటే ఆ సోఫాలూ పుస్తకాల అరలూ తనవి కావని ఆమెకి ఎప్పుడైనా అనిపించిందా అని నేను చాలాసార్లు అనుకున్నాను. సినిమాలో అది ఎక్కడా కనిపించదు. ఆ పిల్ల ఆ ఇంట్లో పుట్టినట్టే ఉంటుంది, అది ఆమె ప్రతిభ.

ఇవన్నీ ఒప్పుకున్నాక కూడా నేను ఈ సినిమా వైపే నిలబడతాను, దానికి అసలు కారణం మా పిల్ల అడిగిన ప్రశ్నలోనే ఉంది.

నాతో ఇంటర్ చదివిన స్నేహితురాలు ఒకామె ఉంది. పదో తరగతిలో ట్యూషన్లో ఒక అబ్బాయి ఆమెకి ఇంకు పెన్ను ఇచ్చాడు. ముదురు ఎరుపు రంగు పెన్ను, మూత మీద బంగారు రంగు గీత. వాళ్లిద్దరు కలిసి మాట్లాడుకున్నది మొత్తం కలిపినా రెండు గంటలు ఉండదు. వాళ్ల నాన్నకి బదిలీ అయి ఆ అబ్బాయి వెళ్లిపోయాడు. పాళీ విరిగిపోయాక కూడా ఆ పెన్ను ఆమె బాక్సులో ఉండేది, డిగ్రీలో ఉండేది, ఉద్యోగంలో చేరాక హాస్టల్ గదిలో కూడా ఉండేది. మంచి మనుషులు ఆమె జీవితంలోకి వచ్చారు. ప్రతి ఒక్కర్నీ ఆ పదిహేనేళ్ల కుర్రాడి పక్కన నిలబెట్టి కొలిచి, తక్కువైందని పంపేసింది. "ఫస్ట్ లవ్ కదా, అది మళ్లీ రాదు" అనేది. ఆ మాట ఆమె సొంతం కాదు. మనం చూసిన ప్రతి సినిమా, పాడుకున్న ప్రతి పాట అదే చెప్పింది. మొదటి ప్రేమ నిజమైనది, మిగతావన్నీ రాజీలు. నేనూ చాలా ఏళ్లు అలాగే నమ్మాను. ఆ నమ్మకం వల్ల ఆమె పోగొట్టుకున్న ఏళ్లు నేను దగ్గరుండి చూశాను, అందుకే ఈ విషయంలో నాకు తేలిగ్గా మాట్లాడ్డం రాదు.

'లా బూమ్ 2' చేసేది ఏమిటంటే, మాథ్యూని విక్ జీవితానికి తాళం చెవి కానివ్వదు. అలాగని అతన్ని చెడ్డవాణ్ని చెయ్యదు. వాడు మోసం చేశాడు కాబట్టి ఇప్పుడు మంచివాడు దొరికాడు అని లెక్క సరిచెయ్యదు. పదమూడేళ్లప్పుడు అది నిజం, పదిహేనున్నరకి ఇది నిజం. హెడ్‌ఫోన్స్‌లో విన్న పాట ఎవరూ తిరిగి తీసేసుకోలేదు, అది ఆమె దగ్గరే ఉంది. మొదటి సినిమా ఒక్కటే ఉంటే ఈ మాట చెప్పగలిగేది కాదు. చివరి అరనిమిషంలో విక్ ఇంకో అబ్బాయి వైపు తిరిగితే అది చిలిపితనంలా కనిపిస్తుంది, మా పిల్ల అనుకున్నట్టు "ఊరికే" అనిపిస్తుంది. రెండేళ్లు ఆగి, అదే అమ్మాయిని తీసుకొచ్చి, మళ్లీ మొదటిసారంత భయంతో, అంతే కంగారుతో ప్రేమలో పడుతుంటే చూపించినప్పుడే నమ్ముతాం.

ఈసారి భయం ఇంకా ఎక్కువ. స్నేహితురాలు పెనెలోప్ తనకంటే ముందడుగులో ఉంది, ఫిలిప్ వయసులో పెద్దవాడు, ఎంతవరకు వెళ్లాలి అన్నది విక్ ముందు కొత్త ప్రశ్న. ఫ్రాన్సులో 1974 చట్టం మైనర్లకి కూడా తల్లిదండ్రుల అనుమతి లేకుండా, పేరు బయటపడకుండా కుటుంబ నియంత్రణ సలహా అందేలా చేసింది. అంటే విక్ తరం అమ్మాయిలు ఈ నిర్ణయం తమ చేతిలో ఉందని తెలిసి పెరిగిన మొదటి తరాల్లో ఒకటి. సినిమా ఆ స్వేచ్ఛని జెండాలా ఊపదు. నిర్ణయం నీదే అన్నప్పుడు అది ఎంత బరువుగా ఉంటుందో చూపిస్తుంది. విక్ వెనకాడితే ఆ వెనకాడటాన్ని పిరికితనం అనదు, సంస్కారం అని పొగడదు. తనకి ఇంకా సమయం కావాలి, అంతే. పదిహేనేళ్ల అమ్మాయికి ఆ సమయం ఇవ్వడం నాకు ఈ సినిమాలో అన్నిటికంటే విలువైనదిగా కనిపిస్తుంది. మన ఇళ్లలో ఈ వయసు పిల్లలతో మాట్లాడితే భయపెట్టి మాట్లాడతాం, లేదంటే అసలు మాట్లాడం. ఆ మధ్యాహ్నం మా పిల్లతో నేను మాట్లాడగలిగాను, సినిమా ఆపి మరీ. ఏం మాట్లాడుకున్నామో ఇక్కడ రాయను, అది దాని సొంత విషయం.

పూపెట్ గురించి చెప్పకుండా వదల్లేను. ఆ పాత్ర వేసిన దెనీస్ గ్రే 1896లో పుట్టింది, 'లా బూమ్ 2' నాటికి ఆమెకి 86 ఏళ్లు. విక్ ఏ గొడవొచ్చినా అమ్మ దగ్గరికి కాదు, ఈమె దగ్గరికే పరిగెత్తుతుంది. ఈమె నీతులు చెప్పదు. కోటు వేసుకుని "పద" అనే రకం. రెండో సినిమాలో పూపెట్ ఎన్నో ఏళ్లుగా తనతో ఉన్న స్నేహితుణ్ని ఇప్పుడు పెళ్లి చేసుకోవాలనుకుంటుంది. మా పిల్ల "ఈ వయసులోనా?" అని గట్టిగా నవ్వింది. తర్వాత నవ్వడం మానేసింది. ఒకే ఇంట్లో పదిహేనేళ్ల పిల్ల ఒక చివర, ఎనభై దాటిన ఆవిడ ఇంకో చివర, ఇద్దరికీ ప్రేమ గురించే ఆలోచన. ఎదగడం గురించి తీసిన సినిమాలో ఇంత పెద్దావిడకి ఇంత చోటు ఇచ్చారంటే, విక్ ముందు ఎంత దారి ఉందో అందులోనే తెలుస్తోంది. మాథ్యూ గురించి బెంగ పెట్టుకున్న మా పిల్లకి నేను ఇవ్వలేకపోయిన జవాబు పూపెట్ ఒక్క మాట అనకుండానే ఇచ్చింది.

మూడో భాగం తియ్యలేదు. సోఫీ మార్సో ఆ అచ్చులోనే ఉండిపోకూడదనుకుంది, 10 లక్షల ఫ్రాంకులు చెల్లించి ఈ సినిమాలు నిర్మించిన గోమోన్ సంస్థతో ఒప్పందం నుంచి బయటపడి తనకి కావలసిన సినిమాలు ఎంచుకుంది. మనవాళ్లలో చాలామందికి ఆమె 1999 నాటి బాండ్ సినిమాతోనే తెలుసు. 1988లో మళ్లీ అదే దర్శకుడు పినోతోతో, అదే టాంప్సన్‌తో కలిసి చదువుకునే అమ్మాయి కథ ఒకటి చేసింది, ఆ పాత్ర పేరు మాత్రం విక్ కాదు. 2009లో వచ్చిన ఇంకో సినిమాలో టీనేజి కూతురితో వేగలేక సతమతమయ్యే తల్లిగా వేసింది. ఒకప్పుడు ఫొస్సె నిలబడ్డ తలుపు దగ్గర ఇప్పుడు తనే నిలబడింది.

ఆదివారం సాయంత్రం సినిమా అయిపోయాక పేర్లు పడుతుంటే మా పిల్ల మోకాళ్లు దగ్గరికి లాక్కుని అలాగే కూర్చుంది. నేను లేచి టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్లాను. పాలు పొంగుతుండగా గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడింది.

"అయితే పిన్నీ, ఫిలిప్ కూడా...?"

"తెలీదు నాన్నా, మూడోది తియ్యలేదు" అన్నాను.

కాసేపు ఆలోచించి, నా హెడ్‌ఫోన్స్ ఎక్కడున్నాయని అడిగి తీసుకుని, బాల్కనీలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంది.